బ్లాస్ట్ డెఫినిషన్ రాయిస్తే బయోఇన్ఫర్మాటిక్స్ వచ్చేస్తుందా

ఎడిటర్ గారికి నమస్కారమండీ.

నీట్ రిజల్ట్స్ వచ్చిన ప్రతిసారీ మా గుంటూరు, విజయవాడల్లో బైపీసీ పిల్లలున్న ఇళ్ళల్లో ఒకటే దిగులు, సీటు రాలేదు ఇప్పుడేం చెయ్యాలి అని. కొంతమంది లాంగ్ టర్మ్‌కి వెళ్తారు, కొంతమంది అగ్రికల్చర్, ఫార్మసీ వైపు పోతారు, మిగిలినవాళ్ళు డిగ్రీలో బయోటెక్నాలజీయో మైక్రోబయాలజీయో తీసుకుంటారు. ఈ చివరి బ్యాచ్ గురించి పేపర్లలో ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నా. ఇక్కడే ఒక ప్రైవేట్ డిగ్రీ కాలేజీలో వీళ్ళకి పాఠం చెప్తానండీ. వీళ్ళకి బయోఇన్ఫర్మాటిక్స్ అని ఒక సబ్జెక్టు ఉంటుంది, డీఎన్ఏలో ప్రోటీన్లలో అక్షరాల వరసని, అంటే సీక్వెన్స్‌ని, కంప్యూటర్‌లో వేసి అది ఏ జీవిది, ఏ జీన్, ఎక్కడ తేడా వచ్చింది అని పట్టుకోవడం. మన సీక్వెన్స్‌ని పోలినవి డేటాబేస్‌లో వెతికిపెట్టే టూల్ పేరు బ్లాస్ట్, రెండు సీక్వెన్సుల్ని అక్షరానికి అక్షరం ఎదురుగా పేర్చి చూడటం అలైన్‌మెంట్. చాలా మంచి సబ్జెక్టు. కానీ చాలా చోట్ల దాన్ని చెప్తున్న తీరు చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

బ్లాస్ట్ అంటే ఏమి, రకాలు వ్రాయుము, ఐదు మార్కులు. సీక్వెన్స్ అలైన్‌మెంట్ గూర్చి వ్యాసము వ్రాయుము, పది మార్కులు. రికార్డులో ఎవరివో స్క్రీన్‌షాట్లు ప్రింట్ తీసి అంటిస్తారు, సంతకం పడిపోతుంది, ఫస్ట్ క్లాస్ కూడా వస్తుంది, కానీ ఆ పిల్ల మూడేళ్ళలో ఒక్కసారన్నా ఒక సీక్వెన్స్‌ని తనే పేస్ట్ చేసి సెర్చ్ కొట్టిందా అంటే లేదు. ల్యాబ్ లేదా అంటే ఉంటుంది, అది బీసీఏ వాళ్ళది, బయాలజీ వాళ్ళకి కంప్యూటర్‌తో ఏం పని అంటారు.

ఇందులో డబ్బు సమస్య దాదాపు ఏం లేదండీ. ప్రపంచంలో సైంటిస్టులు చదివి అందరికీ ఇచ్చిన డీఎన్ఏ సీక్వెన్సుల్ని దాచే జెన్‌బ్యాంక్ 1982 నుంచి నడుస్తోంది, మనం కూడా ఫ్రీగా చూడొచ్చు. 1990లో వచ్చిన బ్లాస్ట్ ఇవాళ్టికీ ఫ్రీ, లాగిన్ కూడా అడగదు, ఫోన్ బ్రౌజర్లో కూడా పని చేస్తుంది కాకపోతే రిజల్ట్ టేబుల్ చిన్న స్క్రీన్ మీద చదవడం కష్టం. ఇంత ఫ్రీగా దొరికేదాన్ని సర్టిఫికెట్ కోర్సు పేరుతో వేలకి వేలు ఫీజు కట్టించుకుని వీడియోలు చూపించి పంపేవాళ్ళు కూడా ఉన్నారు, పేరెంట్స్ కాస్త చూసుకోండి, చేరేముందు పిల్లాడి చేత ఏం చేయిస్తారో అడగండి.

మన ఊరి ఉదాహరణే చెప్తా. 2021-22 సీజన్లో మిర్చి రైతుల్ని నల్ల తామర పురుగు ఎలా ముంచిందో గుంటూరులో ఎవరికీ చెప్పక్కర్లేదు. పూలల్లో దూరి పూత మొత్తం రాల్చేసింది, మందు మీద మందు కొట్టినా ఆగలేదు. పై ముడత తెచ్చే మనకి ఎప్పట్నించో తెలిసిన తామర పురుగు సిర్టోత్రిప్స్ డోర్సాలిస్ అనే జాతి, ఇది అది కాదు, త్రిప్స్ పార్విస్పైనస్ అనే వేరే జాతి, ఆగ్నేయాసియా వైపు నుంచి వచ్చింది. సైంటిస్టులు దీన్ని తేల్చింది పురుగు ఆకారం చూసి, దాంతోపాటు సీఓఐ అనే మైటోకాండ్రియా జీన్‌లో దాదాపు 650 అక్షరాల ముక్క చదివి. ఈ రెండు పురుగుల సీఓఐ సీక్వెన్సులూ జెన్‌బ్యాంక్‌లో ఉన్నాయి. డిగ్రీ సెకండియర్ పిల్ల రెండూ డౌన్‌లోడ్ చేసి పక్కపక్కన పెట్టి ఎన్ని అక్షరాలు తేడానో ఒక మధ్యాహ్నంలో చూసెయ్యొచ్చు. వాళ్ళ నాన్న పొలంలో పడిన పురుగు అది, ఇంకెంత ఇంట్రెస్ట్ రావాలి చెప్పండి!

బైపీసీ వాళ్ళకి లెక్కలు రావు కాబట్టి ఇది వాళ్ళ వల్ల కాదు అనే మాట ఎక్కువ వింటుంటా, నేనొప్పుకోను. బ్లాస్ట్ రిజల్ట్‌లో ఈ-వాల్యూ అని ఒక నంబర్ ఉంటుంది, పిల్లలు తక్కువైతే మంచిది అని బట్టీ కొట్టేస్తారు, ఎందుకు అంటే చెప్పలేరు. ఎందుకో చూడండి. డీఎన్ఏలో అక్షరాలు నాలుగే, 12 అక్షరాల ముక్క తీసుకుంటే నాలుగుని పన్నెండుసార్లు గుణించాలి, దాదాపు 1 కోటి 68 లక్షల రకాల ముక్కలు. మనిషి జీనోమ్‌లో సుమారు 300 కోట్ల అక్షరాలు. భాగిస్తే దగ్గర దగ్గర 180. అంటే అంత చిన్న ముక్క ఏ సంబంధం లేకుండానే 180 చోట్ల దాకా కనిపించొచ్చు, కాబట్టి దొరికింది కదా అని సంబరపడకూడదు. ఉత్త పుణ్యానికి ఎన్నిసార్లు తగలొచ్చు అన్న ఈ అంచనానే ఈ-వాల్యూ. టెన్త్ పాసైన పిల్లకి ఈ లెక్క అర్థం కాదా?

అలైన్‌మెంట్ కూడా అంతే, నేను గళ్ళ కాగితం మీద చేయిస్తా. పైన ఏ, సీ, జీ, టీ, పక్కన ఏ, జీ, టీ. అక్షరం కలిస్తే ప్లస్ ఒకటి, కలవకపోతే మైనస్ ఒకటి, ఖాళీ వదిలితే మైనస్ రెండు. ప్రతి గడికీ ఏటవాలుగా పైనున్నది, నేరుగా పైనున్నది, ఎడమ పక్కనున్నది, మూడు దారుల్లో ఏ దారిలో ఎక్కువొస్తే అది వెయ్యాలి. చివరి గడిలో స్కోరు ఒకటి వస్తుంది, అక్కణ్ణించి వచ్చిన దారినే వెనక్కి పోతే సీ ఎదురుగా ఖాళీ పడుతుంది. 1970లో నీడిల్‌మన్, వున్ష్ అనే ఇద్దరు చెప్పిన పద్ధతి ఇదే. వంద అక్షరాల సీక్వెన్సులు రెండు తీసుకుంటే వాటిని పేర్చే పద్ధతులు యాభై అంకెలు దాటిన సంఖ్యలో ఉంటాయి, ఈ పట్టికతో 10 వేల పైచిలుకు గడులు నింపితే చాలు. ఒక్కసారి చేత్తో నింపిన పిల్లలకి తర్వాత పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో అదే రాయమంటే లూపులు ఎక్కడ పెట్టాలో వాళ్ళే చెప్తారు.

సొంతంగా చేస్తేనే వచ్చే డౌట్లు కొన్ని ఉంటాయి. సికిల్ సెల్ సంగతి చూడండి, మన ఏజెన్సీ ఏరియాల్లో ఉన్న జబ్బే. బీటా గ్లోబిన్ జీన్‌లో జీఏజీ బదులు జీటీజీ పడితే ప్రోటీన్‌లో గ్లుటామిక్ యాసిడ్ అనే అమైనో యాసిడ్ పోయి వాలీన్ అనేది వస్తుంది, ఆరో స్థానంలో, అని పుస్తకంలో ఉంటుంది. పిల్లలు డేటాబేస్‌లో ప్రోటీన్ తెరిచి లెక్కపెడితే అది ఏడో స్థానంలో కనిపిస్తుంది. సార్ పుస్తకం తప్పా, సైట్ తప్పా అని పరిగెత్తుకొస్తారు. రెండూ కరెక్టే, మొదట్లో పడే మెథియోనిన్ అనే అమైనో యాసిడ్ తర్వాత కత్తిరించుకుపోతుంది, పాత లెక్కలో దాన్ని కలపలేదు, డేటాబేస్‌లో కలుపుతారు. స్క్రీన్‌షాట్ అంటించిన పిల్లకి ఈ ప్రశ్న జన్మలో రాదు.

ఏఐ వచ్చేసింది కదా ఇంకా ఇవన్నీ ఎందుకు అని కూడా అంటున్నారు. ప్రోటీన్ ఆకారాన్ని ఊహించే ఆల్ఫాఫోల్డ్ తయారుచేసినవాళ్ళకి 2024లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది నిజమే, కానీ ఆల్ఫాఫోల్డ్ 2 మొదట చేసే పనే ఆ ప్రోటీన్ చుట్టాలన్నిటినీ వెతికి అలైన్‌మెంట్ కట్టడం, చుట్టాలు బాగా తక్కువ దొరికితే దాని జవాబు మీద నమ్మకమూ తగ్గుతుంది. అది తెలియనివాడు వచ్చిన ప్రతి బొమ్మనీ నమ్మేస్తాడు. వచ్చిన ఆకారం సరిగ్గా ఉందా అని చూడటానికి ఇవాళ్టికీ వాడేది 1963లో మద్రాసు నుంచి జీ.ఎన్. రామచంద్రన్ గారి బృందం ఇచ్చిన ప్లాట్, ప్రోటీన్ గొలుసు ఏ కోణాల్లో తిరగగలదో చూపించే పటం. పక్క రాష్ట్రంలో పుట్టిన పని, మన పిల్లలు పేరు మాత్రం బట్టీ పడుతున్నారు.

డిగ్రీతోనే ఉద్యోగం వచ్చేస్తుందని నేను అబద్ధం చెప్పను, ఎమ్మెస్సీ కావాలి, పైథానో ఆర్ భాషో రావాలి, స్టాటిస్టిక్స్ కాస్త రావాలి. అయితే హైదరాబాద్ సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ లాంటి పరిశోధన సంస్థల్లో ప్రాజెక్టుకి అప్లై చేసే పిల్ల చేతిలో తను చేసిన పని ఏదో ఒకటి ఉండాలి కదండీ.

యూనివర్సిటీ సిలబస్ చూసే పెద్దలకి మీ పేపర్ ద్వారా నేను అడిగేది ఇది. థియరీ ప్రశ్నలు ఉంచుకోండి, ప్రాక్టికల్ పరీక్ష మాత్రం మార్చండి. ఒక్కో స్టూడెంట్‌కి పేరు లేని సీక్వెన్స్ ఒకటి ఇవ్వండి, మూడు గంటలు టైమ్ ఇవ్వండి, అది ఏ జీవిదో ఏ జీనో, ఎందుకలా అనుకుంటున్నారో ఈ-వాల్యూతో సహా తెలుగులోనో ఇంగ్లీషులోనో రాయమనండి. నెట్ పోతుందని భయమైతే బ్లాస్ట్‌ని కాలేజీ కంప్యూటర్లోనే ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు, చిన్న డేటాబేస్ పక్కన పెట్టుకుంటే నెట్ లేకుండానే నడుస్తుంది. శనివారం మధ్యాహ్నాలు బీసీఏ ల్యాబ్ బయాలజీ పిల్లలకి తెరవమని కాలేజీలకి ఒక సర్క్యులర్ ఇవ్వండి. పరీక్షకి కావాల్సిన సీక్వెన్సులు, వాటి జవాబులు తయారు చేసివ్వడానికి నేను రెడీ, పైసా కూడా అక్కర్లేదు.

ఇట్లు,
ఒక బయోటెక్నాలజీ లెక్చరర్,
బ్రాడీపేట, గుంటూరు