ఆకులు తెంపరాదు

సంపాదకులకు నమస్కారం.

బంగ్లాదేశ్ మీద మీ పత్రికలో వార్తలు వస్తూనే ఉన్నాయి. హసీనా అప్పగింత, ఎన్నికలు, సరిహద్దు, క్రికెట్... అన్నీ చదువుతున్నాను. కానీ ఆ దేశంలో గోడల మీద నడిచిన గొడవ గురించి ఒక్క ముక్క కూడా నా కంటపడలేదు. నేను హనుమకొండలో ముప్ఫై ఏళ్లు సైన్‌బోర్డులు, గోడరాతలు రాసి బతికినవాణ్ని. ఫ్లెక్సీలు వచ్చాక బ్రష్ పక్కన పెట్టాను. గోడ సంగతి నాకు చిన్న విషయం కాదు. అందుకే ఈ ఉత్తరం.

2024 ఆగస్టు 5న, విద్యార్థుల ఉద్యమం దెబ్బకు ప్రధాని షేక్ హసీనా దేశం విడిచి వెళ్లిపోయింది. పోలీసులు డ్యూటీలకు రాకపోతే విద్యార్థులే రోడ్ల మీద నిలబడి ట్రాఫిక్ నడిపారు. ఆ పిల్లలే రంగు డబ్బాలు పట్టుకుని గోడల మీద పడ్డారు. ఢాకా విశ్వవిద్యాలయం చుట్టుపక్కల గోడలు, మెట్రో పిల్లర్లు, బడి ప్రహరీలు, దేన్నీ వదల్లేదు. రంగ్‌పూర్‌లో జూలై 16న పోలీసుల తుపాకులకు ఎదురుగా రెండు చేతులూ చాచి నిలబడి ప్రాణం పోగొట్టుకున్న అబూ సయీద్ బొమ్మ ఊరూరా కనిపించింది. పనివాడిగా చెబుతున్నాను, ఆ బొమ్మకు ముఖం కూడా అక్కర్లేదు. చేతులు చాచిన నల్లటి ఆకారం ఒకటి గీస్తే చాలు, ఎవరిదో అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. ఇంకో గోడ మీద "నీళ్లు కావాలా, నీళ్లు?" అన్న మాట. జూలై 18న ఢాకాలో ఆందోళనకారులకు మంచినీళ్ల సీసాలు పంచుతూ తూటాకు బలైన మీర్ ముగ్ధో అన్న మాట అది. ఆ వారాల్లో 1,400 మంది దాకా చనిపోయి ఉంటారని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం అంచనా వేసింది.

అంతకుముందు పదిహేనేళ్లు అక్కడ బొమ్మ గీయాలంటే ఎంత టెన్షనో కూడా చెప్పాలి. 2020లో కార్టూనిస్టు అహ్మద్ కబీర్ కిశోర్‌ను, రచయిత ముష్తాక్ అహ్మద్‌ను డిజిటల్ భద్రతా చట్టం కింద లోపలేశారు. ముష్తాక్ 2021 ఫిబ్రవరిలో జైల్లోనే చనిపోయాడు. 2017లో ఢాకా గోడల మీద ఎవరో రాత్రికి రాత్రి ఒక బొమ్మ వేసి పోయేవారు. చింపిరి జుట్టు మనిషి, చేతిలో పంజరం, పంజరంలో సూర్యుడు. పక్కన "సుబోధ్, పారిపో, ఇప్పుడు కాలం అనుకూలంగా లేదు" అని రాత. వేసిన మనిషి మాత్రం పేరు బయటపెట్టుకోలేదు. గోడమీద రాయడాన్ని బెంగాలీలో "చికా మారా" అంటారు, అంటే చుంచును కొట్టడం. పాకిస్తాన్ ఏలుబడిలో రాత్రిపూట నినాదాలు రాస్తూ పట్టుబడ్డ విద్యార్థులు, "ఏం చేస్తున్నార్రా" అని పోలీసులు అడిగితే "చుంచుల్ని కొడుతున్నాం" అన్నారని, ఆ మాటే నిలిచిపోయిందని చెబుతారు.

నన్ను ఎక్కువగా కదిలించింది ఇంకా పాత సంగతి. 1987 నవంబర్ 10. సైనిక పాలకుడు ఎర్షాద్‌కు వ్యతిరేకంగా ఢాకాలో ఊరేగింపు. నూర్ హొస్సేన్ అనే కుర్రవాడు, ఆటో నడుపుకునే తండ్రి కొడుకు, చొక్కా విప్పేసి వచ్చాడు. ఛాతీ మీద తెల్ల రంగుతో "నియంతృత్వం నశించాలి", వీపు మీద "ప్రజాస్వామ్యానికి విముక్తి కావాలి" అని రాత. పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆ అక్షరాలు రాసింది నాలాంటి ఒక సైన్‌బోర్డు పనివాడే. మనిషి ఒంటి మీద రాయడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఊపిరి తీసినప్పుడల్లా గీత కదిలిపోతుంది. ఆ రాత రాసిన చేతిని తలచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. మూడేళ్లకు, 1990 డిసెంబర్‌లో, ఎర్షాద్ దిగిపోయాడు. నూర్ హొస్సేన్ హసీనా పార్టీ కుర్రాడే. ఆ పార్టీయే తర్వాత పదవిలో ఉండి కార్టూనిస్టును జైల్లో పెట్టింది. గోడల మీదుగా గద్దె ఎక్కినవాళ్లు ముందు గోడకే వెల్ల వేయించాలని చూస్తారు.

హసీనా దేశం విడిచి వెళ్లిపోయాక కూడా ఇదే జరిగింది. నా బాధంతా ఇక్కడే. ఢాకా విశ్వవిద్యాలయం దగ్గర మెట్రో పిల్లర్ మీద హసీనా పదవిలో ఉండగా వేసిన ఆమె బొమ్మ ఒకటి ఉండేది. జనం దాని మీద ఎర్ర రంగు కుమ్మరించి, తమ కోపమంతా చూపించారు. 2024 డిసెంబర్ చివర్లో ఒక అర్ధరాత్రి దాన్ని చెరపడం మొదలుపెట్టారు. విద్యార్థులు పరుగున వచ్చి ఆపారు, అక్కడే మళ్లీ బొమ్మ గీశారు. విశ్వవిద్యాలయం అధికారులు తప్పు ఒప్పుకున్నారు.

ఇంకొకటి అంతకంటే ఘోరం. ఆగస్టు గోడబొమ్మల్లో ఒక చెట్టు ఉంది. దానికి ఐదు ఆకులు. ఒక్కో ఆకు మీద ముస్లిం, హిందూ, బౌద్ధ, క్రైస్తవ, ఆదివాసీ అని రాసి ఉంటుంది. పక్కన "ఆకులు తెంపరాదు" అని హెచ్చరిక, మన పార్కుల్లో "పూలు కోయరాదు" అని ఉంటుంది చూడండి, అలా. తొమ్మిది, పది తరగతుల బెంగాలీ వ్యాకరణ పుస్తకం వెనక అట్ట మీద దాన్ని అచ్చు వేశారు. 2025 జనవరిలో ఒక గుంపు "ఆదివాసీ" అన్న మాట మీద గొడవ చేస్తే, పాఠ్యపుస్తకాల బోర్డు ఆ బొమ్మనే తీసేసింది. అదేమిటని అడగడానికి జనవరి 15న బోర్డు ఆఫీసుకు వెళ్లిన ఆదివాసీ విద్యార్థుల్ని వీధిలోనే కర్రలతో కొట్టారు. తెంపొద్దని రాసి ఉన్న బొమ్మలోంచే ఆకు తెంపారు.

"ఆదివాసీ" అన్న మాట అక్కడి రాజ్యాంగంలో లేదు, "ఉపజాతులు, చిన్న జాతి సమూహాలు" లాంటి మాటలే ఉన్నాయి అన్నది గొడవ చేసిన గుంపు వాదన. రాజ్యాంగంలో లేకపోతేనేం, చక్మాలు, సంతాల్‌లు, గారోలు మనుషులు కారా? తమను ఏమని పిలవాలో చెప్పుకునే హక్కు వాళ్లది కాదా? మన ఉట్నూరులోనూ అరకులోనూ ఆగస్టు 9న ఆదివాసీ దినం అని బ్యానర్లు కడతాం. అదే మాట పక్క దేశంలో పలికినందుకు పిల్లల తలలు పగలడం నాకు మింగుడు పడటం లేదు. అక్కడి హిందువుల మీద దాడులు జరిగితే ఇక్కడ మనం గట్టిగా మాట్లాడతాం, మాట్లాడాలి కూడా. కానీ ఆ చెట్టు మీద మన కన్ను పడాల్సిన ఆకు అదొక్కటే కాదు కదా.

గోడలు శుభ్రంగా ఉంటే తప్పేముంది అంటారు కొందరు. నేను కూడా వెల్ల వేసినవాణ్నే. ఒక ఎన్నికల్లో ఒక పార్టీకి జాజుతో గోడంతా రాశాను. ఫలితాలు వచ్చిన రాత్రి గెలిచినవాళ్ల మనుషులు సున్నం బకెట్ తెచ్చి, నా అక్షరాల్ని నాచేతే కప్పించారు. ఇంట్లో పిల్లలున్నారు, భయపడి కప్పాను. రెండు వానలు పడేసరికి సున్నం కారిపోయి, కింది ఎరుపు మళ్లీ తేలింది. మళ్లీ బకెట్ పట్టుకొచ్చారు. ఈసారి నేను వెళ్లలేదు.

మీకు ఒక విన్నపం. ఆదివారం అనుబంధంలో ఆ చెట్టు బొమ్మను ఒకసారి అచ్చు వేయండి. పక్కనున్న హెచ్చరికను తెలుగులో రాయండి. ఐదు ఆకులూ ఉండాలి. రంగుల పేజీలో చోటు దొరక్కపోతే నలుపు తెలుపులో వేసినా పర్వాలేదు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు, బోర్డు ఆర్టిస్టు,
హనుమకొండ