ముందు లైను చూడు తల్లీ

చిట్టితల్లికి,
నాన్న ఆశీస్సులు.

మీ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు కొత్త హెడ్ కోచ్ వచ్చాడనీ, ఈ సీజన్ లెక్కలు రాసే పని నీకు ఇచ్చారనీ నీ ఉత్తరంలో చదివి చాలా సంతోషించాను. అమెరికాలో కాలేజీ జట్టు కోచ్ మారాడంటే కాపురం మొత్తం ఎత్తి వేరే ఊళ్లో దించినంత పని. 2024లో ఇండియానా యూనివర్సిటీ జట్టు సంగతి రాస్తున్నాను, దాన్ని ఎదురుగా పెట్టుకుని మీ జట్టును చూడు.

2023లో ఇండియానా 12 మ్యాచ్‌లాడి మూడే గెలిచింది. నవంబరు ఆఖర్లో కోచ్‌ను తీసేసి, జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీ నుంచి కర్ట్ సిగ్నెట్టిని తెచ్చుకున్నారు. నన్నడిగితే 2024 సీజన్ ఆ చలికాలంలోనే మొదలైంది. కోచ్ మారితే ఆటగాళ్లు వేరే కాలేజీ వెతుక్కోవడానికి అప్పటి నిబంధన 30 రోజులు గడువిచ్చేది. వెళ్లేవాళ్లు వెళ్తుంటే ఖాళీలు నింపుకోవాలి. సిగ్నెట్టి తన పాత జట్టు నుంచి 13 మందిని తెచ్చాడు. అఫెన్స్ (బంతితో దాడి చేసే వైపు) చూసే కోచ్ మైక్ షానహాన్, డిఫెన్స్ (ఆపే వైపు) చూసే కోచ్ బ్రయంట్ హైన్స్ కూడా అక్కడి నుంచే వచ్చారు. బంతి విసిరి దాడి నడిపే క్వార్టర్‌బ్యాక్ కర్టిస్ రోర్క్ మాత్రం ఒహాయో యూనివర్సిటీ కుర్రాడు.

ఆ 13 మంది విలువ ఎక్కడుందో చూడు. వసంతకాలంలో జట్టుకు దొరికేవి 15 ప్రాక్టీసులే. అంత తక్కువలో అందరికీ కొత్త ప్లేలు (ముందే అనుకున్న ఎత్తుగడలు), కొత్త సైగలు ఎక్కాలి. పద్ధతి ముందే తెలిసినవాళ్లు పక్కనుంటే తప్పు జరిగిన చోటే సరిదిద్దుతారు, కోచ్ అరిచి చెప్పేదాకా ఆగక్కర్లేదు. కాబట్టి నువ్వు మొదట రోస్టర్ (ఆటగాళ్ల జాబితా) దగ్గర పెట్టుకుని ప్రతి పేరు పక్కనా రాసుకో: ఎక్కడి నుంచి వచ్చాడు, ఈ కోచ్ దగ్గర ముందు ఆడాడా, నిరుడు ఎన్ని మ్యాచ్‌ల్లో మొదటి నుంచీ దిగాడు. క్వార్టర్‌బ్యాక్‌ను కాచే ముందు వరుస, అంటే అఫెన్సివ్ లైన్‌లో అయిదుగురికీ వేరే పేజీ పెట్టు. వాళ్లకు ఒకరి పక్కన ఒకరు ఆడిన అలవాటు లేకపోతే, డిఫెన్స్ వాళ్లు చోట్లు మార్చుకుని దూసుకొచ్చినప్పుడు ఎవరిని ఎవరు పట్టాలో తేలదు. ఇద్దరూ ఒకణ్నే పట్టుకుంటారు, రెండోవాడు నేరుగా క్వార్టర్‌బ్యాక్ మీద పడతాడు.

స్కోరు ఎలాగూ బోర్డు మీద ఉంటుంది. నువ్వు ప్రతి ప్లేకీ అది ఫలించిందా లేదా అన్నది రాయి. 10 యార్డులు ముందుకు వెళ్లడానికి నాలుగు ప్రయత్నాలుంటాయి, ఒక్కోటి ఒక డౌన్. మొదటి డౌన్‌లో కావలసిన దూరంలో సగం, రెండో డౌన్‌లో మిగిలినదాంట్లో 70 శాతం, మూడు నాలుగు డౌన్లలో మొత్తం దూరం రావాలి. 10 యార్డులు కావలసినప్పుడు మొదటి డౌన్‌లో 5 వస్తే టిక్కు పెట్టు, 3 వస్తే ఇంటూ. మ్యాచ్ రెండు సగాలకూ విడివిడిగా కూడు, ఇది మాత్రం మర్చిపోకు. ఎందుకంటావా, 2024లో ఇండియానా మొదట వరసగా పది గెలిచింది. పదోది మిషిగన్ మీద, 20-15తో. మొదటి సగం అయ్యేసరికి 17-3 ఆధిక్యం, రెండో సగంలో ఒక్క ఫీల్డ్ గోల్ (బంతిని గోల్ స్తంభాల మధ్య తన్నితే వచ్చే 3 పాయింట్లు). గెలిచారు కాబట్టి చాలామంది ఆ రెండో సగాన్ని పట్టించుకోలేదు. రెండు వారాలకు కొలంబస్‌లో ఒహాయో స్టేట్ (రోర్క్ పాత కాలేజీ కాదు, ఇది వేరే) క్వార్టర్‌బ్యాక్‌ను అయిదు సార్లు శాక్ చేసి, అంటే బంతి వదలకముందే పడగొట్టి, ఇండియానాను మ్యాచ్ మొత్తంలో 151 యార్డులకే కట్టేసింది. 38-15తో ఓడారు.

ఆ మ్యాచ్‌లో ఇంకో పాఠం ఉంది, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది అదే. మొదటి సగం చివర 7-7 దగ్గర, బంతిని ఎదుటివాళ్ల వైపు దూరంగా తన్నే (పంట్ చేసే) ఇండియానా పంటర్ చేతికొచ్చిన స్నాప్ (వెనక్కి అందించే బంతి) జారిపోయింది. బంతి ఇండియానా గోల్ గీతకు 7 యార్డుల దూరంలో ఒహాయో స్టేట్‌కు దొరికింది, వెంటనే గీత దాటించి టచ్‌డౌన్ చేశారు. మూడో క్వార్టర్లో ఒహాయో స్టేట్ ఆటగాడు కేలెబ్ డౌన్స్ పంట్ అందుకుని 79 యార్డులు పరుగెత్తాడు, మరో టచ్‌డౌన్. కొత్త కోచ్ జట్టులో స్పెషల్ టీమ్స్ (బంతి తన్నే ప్లేలకు దిగే బృందాలు) తొందరగా బలహీనపడడానికి కారణముంది. అక్కడ ఎక్కువగా ఆడేది రిజర్వు కుర్రాళ్లు, కోచ్ మారగానే చోటు దొరకదని ముందు వెళ్లిపోయేది కూడా వాళ్లే. స్టాప్‌వాచ్ తీసుకెళ్లు. పంటర్ బంతి ఉన్న చోటికి దాదాపు 15 యార్డుల వెనక నిలబడతాడు. స్నాప్ సుమారు 0.8 సెకన్లలో చేతికి చేరాలి, బంతి కదిలిన క్షణం నుంచి తన్నేదాకా 2 సెకన్లకు కాస్త అటూ ఇటూ ఉండాలి. 2.3 దాటుతోందంటే వెంటనే కోచ్ దగ్గరి వాళ్లకు చెప్పు, పంట్ అడ్డుకోవడం ఎంతో దూరంలో లేదు.

తర్వాత పర్‌డ్యూను 66-0తో ఓడించి, ఇండియానా ఛాంపియన్‌ను తేల్చే ప్లేఆఫ్‌కు వెళ్లింది. అక్కడ నోటర్ డేమ్ జట్టు చేతిలో 27-17తో ఓడింది. ఆఖరి రెండు నిమిషాల్లోకి వచ్చేసరికి స్కోరు 27-3. మ్యాచ్ చేజారాక వచ్చిన పాయింట్లను నువ్వు వేరే రంగుతో రాసుకో, కలిపేస్తే లెక్క నిన్నే మోసం చేస్తుంది. అయినా 11 గెలుపులు! అంతకుముందు ఆ కాలేజీ ఏ సీజన్‌లోనూ పది గెలవలేదు.

నవంబరులో పెన్సిల్ వాడు, చలికి పెన్ను ఇంకు సరిగ్గా పారదు. చేతి తొడుగుల్లో వేళ్లు బయటికుండేవి కొనుక్కో. మొదటి మ్యాచ్ కాగానే లైన్ పేజీ ఫోటో తీసి పంపు, మిగతావి తర్వాత చూస్తాను.

ఇట్లు,
మీ నాన్న