మన కొత్తపాలెం పేజీ కథ

ఒరే శీనూ,

మొన్న ఫోనులో "రిటైరయ్యాక కూడా రాత్రి పదకొండింటిదాకా ఆ కంప్యూటర్ ముందు ఏం వెలగబెడుతున్నావురా, పైసా జీతం లేదటగా" అని నవ్వావు చూడు, అప్పుడు బస్సులో ఉండబట్టి ఊరుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా చెబుతాను, కాఫీ పెట్టుకుని కూర్చో.

దీనికంతటికీ కారణం మన ఊరే. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి కదా, మన కొత్తపాలెం గుంటూరు జిల్లాలోంచి పల్నాడులోకి వచ్చింది. ఆ తర్వాత ఒకరోజు మనవడికి చూపిద్దామని తెలుగు వికీపీడియాలో కొత్తపాలెం అని వెతికితే, గుంటూరు జిల్లా అనే ఉంది. నాకు ఒళ్లు మండింది. సరిదిద్దే వీలు అక్కడే ఉందని మనవడే చూపించాడు. గుంటూరు కొట్టేసి పల్నాడు అని రాశాను. అయిపోయింది. ఎవరూ ఆధార్ అడగలేదు, అర్జీ పెట్టుకోమనలేదు.

ఆ ఊపులో ఊరి చెరువు, గ్రంథాలయం, ఎడ్ల పందేలు, మా తాతగారి దానధర్మాలు అన్నీ కలిపి నాలుగు పేరాలు దంచాను. తెల్లారి చూస్తే ఒక్క అక్షరం లేదు! పేజీ చరిత్రలో నేను చేర్చిన బైట్లు పచ్చగానూ, వాటి మీద ఎవరో తీసేసిన బైట్లు ఎర్రగానూ కనిపించాయి. పరీక్ష పేపరు దిద్దినట్టే ఉంది. కోపంతో ఉత్తరం రాయబోతే, అప్పటికే నా చర్చా పేజీలో, అంటే తోటి రాసేవాళ్లు నాకు సందేశాలు పెట్టే చోట, ఎవరో మర్యాదగా రాసి పెట్టారు: అయ్యా, మీరు మార్చింది మీ కొత్తపాలెం కాదేమో, ఇది బాపట్ల జిల్లాలోకి వెళ్లింది, ఒకసారి చూడండి అని.

నిజమేరా. పరాయి ఊరిని నేను పల్నాడుకు మోసుకొచ్చాను. వాళ్ల చెరువు గట్టు మీద మా తాతగారిని కూర్చోబెట్టాను. ఒకే పేరున్న ఊళ్లన్నింటికీ కలిపి 'అయోమయ నివృత్తి' అని ఒక పేజీ ఉంటుందట. ఆ పేరు చూసి నా గురించే పెట్టారేమో అనుకున్నాను. అందులో కొత్తపాలేలు బారులు తీరి ఉన్నాయి, పక్కనే మండలం పేరుతో సహా. మనది అక్కడ దొరికింది.

తీరా ఆ పేజీ తెరిస్తే 2011 జనాభా లెక్కలు తప్ప ఏమీ లేదు. ఊళ్లో ఆటోలున్నాయి, ట్రాక్టర్లున్నాయి, ఎన్ని హెక్టార్లు బోర్ల కింద సాగవుతోంది, ఇదీ వరస. ముందు నవ్వొచ్చింది. కానీ రెండు రాష్ట్రాల్లోని వేల ఊళ్లకు జనగణన పట్టికల్లోంచి ఇలా పేజీలు నింపడమంటే మాటలు కాదు. పైగా జిల్లాలు మారినప్పుడల్లా ఇలా జీతం లేకుండా రాసేవాళ్ల పని మళ్లీ మొదటికి వస్తుంది. తెలంగాణలో 2016 దసరాకు 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఊరి పేజీలో జిల్లా పేరు ఒక్కటి మారిస్తే చాలదు. పక్కన ఉండే పెట్టె మార్చాలి, అడుగున ఊళ్ల జాబితా చూపే మూస మార్చాలి, ఏ జిల్లా ఊళ్ల గుంపులోదో చెప్పే వర్గం మార్చాలి. ప్రభుత్వం ఒక్క సంతకంతో గీత గీస్తుంది, ఆ తర్వాత నెలల తరబడి ముక్కూమొహం తెలియనివాళ్లు రాత్రిళ్లు కూర్చుని ఊళ్లను ఒక్కొక్కటిగా కొత్త ఇంట్లోకి చేరుస్తారు. నేనూ ఒక మండలం తీసుకున్నాను. మూడు వారాలు పట్టింది, మీ చెల్లెమ్మ మాట్లాడటం మానేసింది.

అక్కడి మర్యాద ఒకటి చెప్పాలి. వ్యాసంలో గాంధీ అయినా 'జన్మించాడు' అనే రాయాలి, గారు, శ్రీ పనికిరావు. నాకు చెయ్యి రాలేదు. ఒక స్వాతంత్ర్య సమరయోధుడి పేజీలో పది చోట్ల 'గారు' తగిలించాను, ఎవరో పదీ పీకేశారు. చర్చా పేజీలో మాత్రం ఇంటరు చదివే పిల్లవాడైనా 'గారు'. నా తప్పులు దిద్దిన ఆయనతో ఆరు నెలలు గారూ గారూ అంటూ మాట్లాడాక తెలిసింది, ఇంజనీరింగ్ మూడో సంవత్సరమట. ఎదురుగా కూర్చుని ఉంటే బాబూ అనేవాణ్ణి, ఆ కుర్రాడు చెప్పింది వినేవాణ్ణి కాదు.

అందరూ ఇంత నెమ్మదస్థులని కాదు. రచ్చబండ అనే పేజీ ఉంది, పేరుకు తగ్గట్టే ఉంటుంది. ఒక్క మాటకు సరైన తెలుగు ఏదని వారం రోజులు కొట్టుకుంటారు. నాకు అది విసుగు. కానీ ఒక విషయంలో వాళ్ల పట్టుదల నాకు నచ్చింది. 2010 ప్రాంతంలో గూగుల్ తన అనువాద పరికరంతో చేయించిన పెద్ద పెద్ద వ్యాసాలు వందల కొద్దీ వచ్చి పడ్డాయట. తెలుగు లిపిలో ఉన్నాయే గానీ, చదివితే తెలుగు కాదు. కొన్ని దిద్దుకుని, బాగుపడనివాటిని లెక్క తగ్గినా సరేనని తీసేశారు. లెక్క కోసం చెత్త దాచుకోకపోవడం మన దేశంలో చిన్న విషయమా?

మన తెలుగు వికీపీడియా పుట్టింది 2003 డిసెంబరులో. అంతకు చాలా ముందే కొమర్రాజు లక్ష్మణరావు 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం' తలకెత్తుకున్నాడు (చూశావా, ఇప్పుడు నా చెయ్యి దానంతటదే ఏకవచనం రాస్తోంది). మూడు సంపుటాలు వచ్చినా 'అ' అక్షరం దాటలేదు, 1923లో పోయాడు. తర్వాత బాగా పనిచేసిన వికీపీడియన్లకు ఆయన పేరు మీదే పురస్కారం ఇచ్చారు. అలాంటిది నాకు రాదులే, కంగారుపడకు.

అసలు సంగతికి వస్తాను. మన పేజీలో గ్రంథాలయం 1938లో కట్టారని రాశాను. వెంటనే 'మూలం కావాలి' అని తగిలించారు. మా నాన్న చెప్పాడన్నాను. నాన్నగారి మాట మీద గౌరవం ఉంది గానీ, చదివేవాళ్లు దాన్ని ఎక్కడ సరిచూసుకుంటారు అని అడిగారు. రెండు రోజులు అలిగాను. మూడో రోజు గుర్తొచ్చింది, గుమ్మం పక్కన శిలాఫలకం ఉండేది కదా, మనం దాని మీద సైకిళ్లు ఆనించేవాళ్లం. అడిగితే, ఫొటో ఉంటే 'శిలాఫలకం ప్రకారం' అని రాసుకుందాం, ఫలకమే నిజమని మనం పూచీ పడనక్కరలేదు అన్నారు. ఈ మాట నాకు నలభై ఏళ్ల ఉద్యోగంలో ఎవరూ నేర్పలేదురా.

సంక్రాంతికి నువ్వు ఊరెళుతున్నావుగా. ఆ ఫలకం ఫొటో నీ ఫోనుతో నువ్వే తియ్యాలి, వాట్సాప్‌లో వచ్చిన బొమ్మ పనికిరాదు, తీసినవాళ్ల పేరుతోనే పెట్టాలి. పొద్దున్నే వెళ్లు, మధ్యాహ్నమైతే ఎండ నేరుగా పడి అక్షరాలు తేలవు. ఒక తడిగుడ్డ కూడా పట్టుకెళ్లు. పండగకు సున్నాలు వేస్తారు, ఆ వేసేవాడి చెయ్యి ఫలకం మీదికి వెళ్లకముందే చేరుకో. అక్కడ 1941 అని ఉంటే మాత్రం ముందు నాకు చెప్పు, పేజీలో నేనే మార్చుకుంటాను.

నీ
వెనక బెంచీవాడు