ఎనిమిదో నెల వాంతులు వేవిళ్లు కావు

సంపాదకులకు,

గర్భిణికి కళ్లు పచ్చబడితే తప్ప ఎవరికీ కాలేయం గుర్తుకు రావడం లేదు. నెలలు నిండేటప్పుడు వచ్చే ప్రాణాంతకమైన ఫ్యాటీ లివర్‌ (మామూలు ఫ్యాటీ లివర్‌తో దీనికి సంబంధం లేదు) వేలల్లో ఒకరికే వస్తుంది గానీ, వచ్చాక రోజుల్లోనే ముదురుతుంది. సాధారణంగా 30 వారాలు దాటాక వాంతులు, అన్నం సహించకపోవడం, పొట్ట పైభాగంలో నొప్పి, విపరీతమైన దాహంతో మొదలవుతుంది. కామెర్లు తర్వాతెప్పుడో బయటపడతాయి. వేవిళ్లు ఎప్పుడో తగ్గిన మనిషికి ఎనిమిదో నెలలో మళ్లీ వాంతులు పట్టుకుంటే గ్యాస్ మాత్ర ఇచ్చి పంపేయడం తప్పు.

అదే రోజు బీపీ చూసి, సీబీపీ (రక్తకణాల లెక్క), ఎల్‌ఎఫ్‌టీ (కాలేయ పరీక్షలు), క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), పీటీ (రక్తం గడ్డకట్టే సమయం), షుగర్ చేయించాలి. ఎల్‌ఎఫ్‌టీలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మాయ (ప్లాసెంటా) వల్ల మామూలుగానే పెరుగుతుంది, దానికి కంగారు వద్దు. ఎస్‌జీపీటీ అనే కాలేయ ఎంజైమ్ మాత్రం గర్భంలో పెరగకూడదు. 'కొంచెమే కదా' అని పక్కన పెడుతున్నది దాన్నే. ప్లేట్‌లెట్లు లక్షలోపు, ఎస్‌జీఓటీ (మరో కాలేయ ఎంజైమ్) 70 పైన ఉంటే హెల్ప్ (HELLP) సిండ్రోమ్‌ను, అంటే ఎర్రకణాలు చితికి, కాలేయం దెబ్బతిని, ప్లేట్‌లెట్లు పడిపోయే మరో గర్భిణీ జబ్బును అనుమానించాలి. షుగర్ 72 లోపుంటే కాలేయం చేతులెత్తేస్తోందేమో చూడాలి. గ్లూకోమీటర్ లేని పీహెచ్‌సీ ఉండదు కదా! కాలేయం స్కాన్ బాగుందని మాత్రం ధీమా పడొద్దు, చాలామందిలో అది మామూలుగానే ఉంటుంది.

పీటీ చేసే వీలు లేనిచోట, పొడి గాజు గొట్టంలో 2 మి.లీ. రక్తం తీసి గుప్పిట్లో వెచ్చగా పట్టుకోండి. నాలుగు నిమిషాలయ్యాక మెల్లగా వంచి, ఆపై నిమిషానికోసారి చూడండి. ఏడు నిమిషాలకూ గడ్డకట్టకపోయినా, కట్టిన గడ్డ ఇట్టే విడిపోయినా, రక్తం గడ్డకట్టే గుణం దెబ్బతిన్నట్టే.

ఈ ఫ్యాటీ లివర్‌ జబ్బుకు చికిత్స కాన్పే. తల్లిని కుదుటపరిచి వెంటనే కాన్పు చేయాలి. ప్లాస్మా, ఐసీయూ, పసిపిల్లల ఐసీయూ మూడూ ఉన్న ఆసుపత్రికి, ముందే ఫోన్ చేసి, డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ సెలైన్) ఎక్కిస్తూ పంపాలి. పసరు మందుకు తీసుకెళితే దొరికిన ఒకటి రెండు రోజులూ పోతాయి. పత్యమని తిండి తగ్గిస్తే పడిపోతున్న షుగర్ ఇంకా పడిపోతుంది.

ప్రతి నెలా 9న సురక్షిత మాతృత్వ శిబిరానికి వచ్చే, ఏడో నెల దాటిన ప్రతి ఒక్కరినీ వాంతులు, పొట్ట నొప్పి, దాహం, అరచేతుల దురద గురించి అడిగి కార్డులో రాయాలని ఆరోగ్య శాఖ ఆదేశించాలి. ఔనన్నవారికి ఆ రోజే రక్త పరీక్షలు జరగాలి.

ఈ జబ్బు వచ్చిన కొందరు తల్లుల బిడ్డలకు కొవ్వును శక్తిగా మార్చుకోలేని పుట్టు లోపం ఉంటుంది. అలాంటి బిడ్డ ఆకలితో ఎక్కువసేపు ఉండకూడదు. అందుకే తల్లి జబ్బు పేరు బిడ్డ డిశ్చార్జ్ కాగితంలోనూ రాయాలి.

- ఒక ప్రసూతి వైద్యురాలు, వరంగల్