బుధుడు పక్కనే కదా, మరి ఎనిమిదేళ్లెందుకు?

ఎడిటర్ గారికి నమస్కారం. మొన్న మా వాకింగ్ బ్యాచ్‌లో బెపికొలంబో (యూరప్, జపాన్ కలిసి బుధ గ్రహానికి పంపిన స్పేస్‌క్రాఫ్ట్) మాట వస్తే ఒకాయన నవ్వేశారు, 2018 అక్టోబర్‌లో బయల్దేరిన స్పేస్‌క్రాఫ్ట్ బుధుడి దగ్గరికి చేరడానికి 2026 నవంబర్ దాకా పట్టడమేంటండీ అని. అక్కడ కష్టం వెళ్లడం కాదు, ఆగడం. సూర్యుడి వైపు పడేకొద్దీ స్పీడ్ పెరిగిపోతుంది, ఘాట్ రోడ్డు దిగే లోడు లారీలాగ, బ్రేకెయ్యాలంటే ఇంధనం కావాలి, అంత ఇంధనం మోసే రాకెట్ ఎక్కడ తెస్తాం? అందుకే గ్రహాల పక్కనుంచి పోతూ వాటి లాగుడుతోనే దారి మార్చుకుంటూ వేగం తగ్గించుకుంటూ పోయింది, భూమి ఒకసారి, శుక్రుడు రెండుసార్లు, బుధుడే ఆరుసార్లు, ఆఖరిది 2025 జనవరి 8న.

మిగతా పని జినాన్ అయాన్ ఇంజిన్లది, అంటే జినాన్ వాయువును కరెంటుతో వెనక్కి చిమ్మి తోసే ఇంజిన్లు. రెండు ఇంజిన్లు కలిపి ఫుల్లుగా తోసినా 290 మిల్లీన్యూటన్లే, అరచేతిలో ముప్పై గ్రాముల పప్పు పోస్తే ఎంత బరువో అంత! కాకపోతే వారాల తరబడి ఆపకుండా తోస్తాయి, అదే దాని బలం. 2024లో పవర్ సమస్య వచ్చి ఆ తోపుడు కూడా తగ్గితే రూటంతా మళ్లీ లెక్కేసుకున్నారు, 2025 డిసెంబర్‌లో బుధుడి దగ్గరికి చేరుతుందనుకున్నది అలా వెనక్కి జరిగింది. నాకైతే లాంచింగ్ కన్నా ఈ లెక్కే గొప్పగా అనిపిస్తుంది.

మీరు లాంచింగ్ ఫొటోలు అరపేజీ వేస్తారు కదా, ఈసారి ఈ చుట్టూ తిరిగే దారి బొమ్మ కూడా ఒకటి వెయ్యండి సార్.

– ఒక రిటైర్డ్ ఫిజిక్స్ మాస్టారు, విజయనగరం