మా కాలువ తలుపు సంగతి: పుదుచ్చేరి స్థానిక పరిపాలన మంత్రిగారికి యానాం నుంచి బహిరంగ లేఖ

మంత్రిగారూ, నమస్కారమండీ.

మాది యానాం, ఇల్లు గోదారి గట్టుకి దగ్గర్లోనే. మీరుండే పుదుచ్చేరికీ మాకూ 870 కిలోమీటర్లు. చుట్టూ ఆంధ్రా, మధ్యలో 30 చదరపు కిలోమీటర్ల మా ఊరు, 2011 లెక్కల ప్రకారం 55,626 మందిమి. ఇవి మీ ఫైళ్లలో ఉంటాయి. ఫైళ్లలో ఉండని ఒక్క సంగతి చెప్పి, మా మున్సిపాలిటీకి ఎన్నికలు పెట్టమని అడుగుదామని రాస్తున్నాను.

మా వీధికి వరద గట్టు దాటి రాదండీ, మురుగు కాలువలోంచి వస్తుంది. ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి హెచ్చరిక ఎగరేశారంటే మేం టీవీ కంటే ముందు వీధి చివర కాలువ చూస్తాం. మామూలు రోజుల్లో నీళ్లు గౌతమిలోకి పోతుంటాయి. వరద పెరిగేకొద్దీ నెమ్మదించి, ఒక దగ్గర ఆగిపోతాయి, కవర్లూ కొబ్బరి డొక్కలూ కదలకుండా తేలుతుంటాయి, కాసేపటికి అవే ఇళ్లవైపు రావడం మొదలెడతాయి. నల్లటి నీళ్లు ఎర్రబడ్డాయంటే మా అమ్మ బియ్యం డబ్బా ఎత్తి మంచం మీద పెట్టేస్తుంది. అమావాస్యో పున్నమో దగ్గర పడిందా, సముద్రం నుంచి పోటు ఎగదన్నుతుంటుంది, పైనుంచి వచ్చిన వరద కిందికి దిగదు. ఇక రాత్రంతా టెన్షనే.

ఆ ఎర్రనీళ్ల మీద మాకు కోపం లేదు. పులస ఎక్కేది అందులోనే, దాని కోసమే మా బజార్లో తెల్లారకుండా వేలంపాట పాడి కొంటారు. నీళ్లు రాకుండా ఆపమని అడగట్లేదు, వచ్చినప్పుడు కాలువ చివరున్న ఇనుప తలుపు దించమంటున్నాను.

2022 జులైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. మా ఇంట్లో ఆ మరక ఇంకా ఉంది, స్విచ్‌బోర్డుకి జానెడు కింద. కాలువ నదిలో కలిసే చోట ఒక ఇనుప తలుపుంది, అది దించితే వెనక్కి తన్నే నీళ్లు చాలావరకు ఆగుతాయి. ఆ రోజు అది తుప్పు పట్టి సగంలో ఇరుక్కుపోయింది. కుర్రాళ్లు ఇసుక బస్తాలేశారు, నిలవలేదు. నీళ్లు తీశాక బాగుచేయించమని రెండు ఆఫీసులు తిరిగాను. మాది కాదంటే మాది కాదన్నారు. మర్యాదగానే మాట్లాడారు, కాదనను, కానీ ఇద్దరూ బదిలీ మీద వచ్చినవాళ్లే, ఆ తలుపు ఎక్కడుందో ఇద్దరూ చూడలేదు.

అదే వార్డుకో కౌన్సిలరుంటే నేను వాళ్లింటికెళ్లి గుమ్మంలో కూర్చునేదాన్ని. వాళ్లింట్లోకీ అవే నీళ్లొస్తాయి కాబట్టి నాకు ఎక్కువ చెప్పాల్సిన పని కూడా ఉండేది కాదు.

ఫ్రెంచివాళ్ల హయాంలో, 1880లోనే, యానాం మున్సిపాలిటీ అయింది, మేయరుండేవాడు. 1954లో వాళ్లు వెళ్లిపోయారు. మన పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో స్థానిక ఎన్నికలు 1968లో జరిగితే, మళ్లీ 38 ఏళ్లకి, అదీ కోర్టులు చెప్తే, 2006లో జరిగాయి. ఆ కౌన్సిళ్ల గడువు 2011తో తీరిపోయింది. 2021లో నోటిఫికేషన్ ఇచ్చి కూడా ఆపేశారు. 2006 తర్వాత పుట్టిన మా పిల్లలకి కౌన్సిలరంటే ఎవరో సినిమాల్లో చూసి తెలుసుకోవాల్సిందే, నాకది చాలా బాధగా ఉంది.

ఎమ్మెల్యే ఉన్నారు కదా అంటారేమో. ఊరు మొత్తానికి ఒక్కరండీ, అసెంబ్లీ చూస్తే మీ దగ్గర. ఆ ఒక్కరూ ప్రతి వీధి కాలువనీ ఎలా చూస్తారు? దరియాలతిప్ప వేటగాళ్లకి పోటు ఎప్పుడు తిరుగుతుందో క్యాలెండర్ చూడక్కర్లేదు, మడచెట్లు పోయిన చోట ఒడ్డు ఎంత కోతపడిందో అడుగులతో సహా చెప్తారు. కనకాలపేటలో, మెట్టకూరులో ఏ సందులో నీళ్లు ముందు నిలుస్తాయో అక్కడి ఆడవాళ్లకి తెలుసు. ఆ తెలిసినవాళ్లు మున్సిపాలిటీలో కూర్చుని, ఖర్చు దేనిమీద పెట్టాలో వాళ్లే తేల్చాలి.

రిజర్వేషన్ల లెక్కలో, వార్డుల లెక్కలో ఏ చిక్కు ఉన్నా అది విప్పాల్సింది మీరే. ఎన్నికల తేదీ చెప్పండి. తలుపు మాత్రం తేదీ దాకా ఆగే పని కాదు, వచ్చే జులై లోపలే దాన్ని విప్పించి, తుప్పు గీయించి, దిగేలా చేయించండి, తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో గోడ మీద రాయించండి.

వీలైతే ఏదో ఒక పున్నమి నాడు రండి మంత్రిగారూ, పోటు వేళకి. కాలువ పక్కన నిలబడి చూద్దురుగాని, నీళ్లు ఎటు నడుస్తాయో.

ఇట్లు,
గట్టు పక్క వీధి గృహిణి, యానాం