తుపానులకు ముందే సరుకు లెక్క సరిచూసుకోవాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక విశాఖ నగరంలో కంప్యూటర్ బిల్లు ఇవ్వని పెద్ద కొట్టు అరుదైపోయింది. పూర్ణా మార్కెట్ టోకు వ్యాపారులైనా, డాబాగార్డెన్స్ దుకాణదారులైనా, గాజువాక ఆటోనగర్ విడిభాగాల షాపులవారైనా టాలీయో, బిజీయో, వ్యాపార్ యాపో ఏదో ఒక లెక్కల సాఫ్ట్‌వేర్ వాడుతూనే ఉన్నారు. అయినా ఈ రోజు మీ దగ్గర ఎంత సరుకు ఉందని అడిగితే యజమాని కంప్యూటర్ వైపు చూడడు, అటక వైపు చూస్తాడు. ఇది ఎవరి కొట్టు సంగతి వారిదే అనిపించవచ్చు గానీ, తుపాను ముప్పున్న ఈ తీర నగరంలో బ్యాంకు అప్పు, బీమా సొమ్ము, పన్ను లెక్క, ఆ కొట్ల మీద బతికే గుమాస్తాల జీతాలు అన్నీ ఆ నిల్వ లెక్క మీదే నిలబడి ఉన్నాయని, చిన్న వ్యాపారుల లెక్కలు చూసే వృత్తిలో ఉన్నవాడిగా మీ పత్రిక ద్వారా మనవి చేస్తున్నాను.

సరుకు బయటికి వెళ్లేటప్పుడు బిల్లు కొట్టక తప్పదు గనుక అమ్మకం నమోదవుతుంది. లోపలికి వచ్చేటప్పుడు మాత్రం లారీ ఆఫీసు నుంచి పెట్టెలు దిగడం, హమాలీలు వాటిని గోడౌనులో వేయడం, కొనుగోలు బిల్లును ఇనుప ముల్లుకు గుచ్చడంతో పని ముగుస్తుంది. నెలాఖరుకు ఆ బిల్లులు మా వృత్తివారి చేతికి వస్తాయి. జీఎస్టీ రిటర్ను వేయడానికి విలువ, పన్ను తెలిస్తే చాలు కాబట్టి చాలాచోట్ల వాటిని వస్తువుల వారీగా విడదీయకుండా మొత్తం రూపాయల్లోనే ఎక్కిస్తారు. దాంతో కొనుగోలు విలువ సరిగ్గానే కనిపిస్తుంది కానీ వస్తువుల సంఖ్య పెరగదు. అమ్మిన కొద్దీ నిల్వ మైనస్‌లోకి దిగిపోతుంది.

ఆటోనగర్‌లో ఒక షాపు కంప్యూటర్‌లో 6203 నంబరు బేరింగ్ మూడు పేర్లతో ఉంది: ఒకటి ‘6203 బేరింగ్’, ఇంకొకటి ‘బేరింగ్ 6203 జెడ్‌జెడ్’, మూడోది ‘చిన్న బేరింగ్’. కొనుగోలు ఒక పేరు మీద, అమ్మకం మరో పేరు మీద పడటంతో మొదటిది 40 చూపిస్తోంది, రెండోది మైనస్ 14 చూపిస్తోంది. మూడోదానిలో ఉన్నది డబ్బాల లెక్కో పీసుల లెక్కో తెలిసిన కుర్రాడు పని మానేసి వెళ్లిపోయాడు. ఇక బేరం తప్పిపోకుండా పక్క షాపు నుంచి చేబదులుగా తెచ్చిన వస్తువు ఎక్కడా రాయరు, తిరిగి ఇచ్చిందీ రాయరు. ఆటోనగర్ నడిచేదే ఆ చేబదుళ్ల మీద కాబట్టి వాటిని మానమనడం అమాయకత్వం అవుతుంది. తెచ్చినప్పుడూ ఇచ్చినప్పుడూ ఒక చలాను పద్దు వేస్తే సరిపోతుంది, అర నిమిషం పని.

దీని ఫలితం ఎక్కడ బయటపడుతుందో 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన తర్వాత నగర వ్యాపారులకు తెలిసివచ్చింది. నష్టం జరిగిన నాటికి ఏ వస్తువు ఎంత ఉందో చూపమని బీమా సర్వేయరు అడిగితే తడిసిన పుస్తకాలూ, నీళ్లు చేరిన కంప్యూటరూ జవాబు చెప్పలేవు. అంతకంటే తక్కువమందికి తెలిసిన చిక్కు ఒకటుంది. 20 లక్షల సరుకు ఉన్న కొట్టుకు 10 లక్షలకే బీమా ఉంటే, బీమా సగానికే ఉంది గనుక పరిహారమూ సగమే, అంటే 4 లక్షల నష్టానికి చేతికి వచ్చేది సుమారు 2 లక్షలే. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న, చిన్న వ్యాపారాల కోసం ఉద్దేశించిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష బీమా పాలసీలో 15 శాతం వరకు తక్కువ బీమాను పట్టించుకోరు గానీ, అంతకు మించితే కోత తప్పదు. మన దగ్గర పాలసీ చాలామంది ఏప్రిల్‌లో, నిల్వ పలచగా ఉన్నప్పుడు కడతారు. దసరా, దీపావళి సరుకుతో గోడౌన్లు నిండేది మాత్రం సరిగ్గా తుపానుల నెలల్లోనే. సెప్టెంబరులో ఒకసారి నమ్మదగిన నిల్వ విలువ చూసుకోగలిగితే బీమా మొత్తాన్ని అప్పటికి పెంచుకోవచ్చు. ఆ అంకె సాఫ్ట్‌వేర్ ఇవ్వాలంటే సరుకు దిగిన రోజే అందులో ఎక్కాలి.

బ్యాంకు సంగతీ ఇలాంటిదే. సరుకు హామీ మీద బ్యాంకు అప్పిచ్చే క్యాష్ క్రెడిట్ ఖాతాకు నెలనెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంటును, అంటే నిల్వ పట్టికను, బట్టి ఎంత వాడుకోవచ్చో నిర్ణయమవుతుంది, మూడు నెలలు దాటిన స్టేట్‌మెంటు మీద వాడకాన్ని రిజర్వ్ బ్యాంకు నిబంధనలు సక్రమమైనదిగా ఒప్పుకోవు. అయినా ఆ కాగితం చాలాచోట్ల పరిమితికి సరిపడేలా వెనక నుంచి ముందుకు రాసిందే. బ్యాంకుకు చెప్పే నిల్వ ఎక్కువగానూ, పన్ను అధికారికి చూపే నిల్వ తక్కువగానూ ఉండటం మన బజారులో కొత్త కాదు. ఈ మాట అచ్చులో చూస్తే కొందరికి కోపం రావచ్చు. ఆపద వచ్చిన నాడు సర్వేయరు ఆ రెండు కాగితాలూ అడిగితే వాటిలో దేన్ని సమర్థించుకోవాలో యజమానికే తెలియదు.

అమ్మకాల మీద కొద్దిపాటి శాతం పన్ను కట్టే కాంపోజిషన్ పథకంలో ఉన్న చిన్న కొట్లను పక్కన పెడితే, మిగిలిన జీఎస్టీ వ్యాపారులు వస్తువుల వారీగా నిల్వ రాయాలని జీఎస్టీ నిబంధనల్లో 56వది ఇప్పటికే చెబుతోంది. పోయినవీ, పాడైనవీ, నమూనాగా ఇచ్చినవీ అందులో ఉండాలి. పాడైన సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నుకు అంతకుముందు పొందిన తగ్గింపును, అంటే పన్ను క్రెడిట్‌ను, వెనక్కి కట్టాలి కాబట్టి, ఏది పాడైందో తేల్చుకోలేనివారికి బీమా సొమ్ము చేతికొచ్చిన తర్వాత కూడా నోటీసు వచ్చే అవకాశం ఉంటుంది.

జిల్లా పరిశ్రమల కేంద్రమూ, నగరంలోని వర్తక సంఘాలూ కలిసి గుమాస్తాలకు తెలుగులో శిక్షణ ఇప్పించాలని కోరుతున్నాను. యజమానులను సదస్సుకు పిలిచి శాలువాలు కప్పి పంపడం వల్ల ఈ పని జరగదు. పెట్టె విప్పే కుర్రాడికి, బిల్లు కొట్టే అమ్మాయికి నేర్పాలి. ఒక వస్తువుకు ఒకే పేరు, డబ్బాకు ఎన్ని పీసులన్న లెక్క, గోడౌను నుంచి కొట్టుకు మార్చినప్పుడు పద్దు, వారానికి ఒక బీరువా చొప్పున చేత్తో లెక్కించి సాఫ్ట్‌వేర్‌లోని అంకెతో సరిచూడటం నేర్పితే చాలావరకు చక్కబడుతుంది. డిగ్రీ విద్యార్థులకు ఇంటర్న్‌షిప్‌లు ఎలాగూ ఉన్నాయి గనుక, బీకాం పిల్లలను కళాశాలలు ఈ కొట్లకు పంపితే మైనస్ నిల్వలు సవరించే పని వారి చేతుల మీదుగా సాగుతుంది, వారికీ నిజమైన లెక్క అలవడుతుంది. బ్యాంకులు కూడా ఒంటి పేజీ అంకెతో సరిపెట్టుకోకుండా, వస్తువుల వారీ జాబితా అడిగి, గోడౌనుకు వచ్చినప్పుడు అందులో నాలుగు వస్తువులైనా లెక్కపెట్టి చూడాలి. కంప్యూటర్ లెక్కల కాపీ ప్రతి రాత్రీ కొట్టు బయట, వీలైతే క్లౌడ్‌లో, భద్రమయ్యేలా చూడటం సాఫ్ట్‌వేర్ అమ్మిన డీలర్ల బాధ్యతగా వర్తక సంఘాలు పట్టుబట్టాలి. శిక్షణ ఇప్పుడే మొదలైతే దసరా సరుకు దిగే నాటికి కొన్ని కొట్లయినా సిద్ధమవుతాయి.

ఇట్లు,
చిన్న వ్యాపారుల లెక్కలు చూసే ఒక పాఠకుడు,
గాజువాక, విశాఖపట్నం